అడగండి, చెబుతాం: ఆఫీసులో మాట తీరు మీద సెషన్ నడపాలంటే

సహోద్యోగులకు కమ్యూనికేషన్ నైపుణ్యాల మీద సెషన్ నడిపే బాధ్యత పడినవాళ్లు పంపిన ప్రశ్నల్లోంచి కొన్ని ఏరి ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: 18 మందికి 2 గంటల సెషన్ నడపమని నాకు అప్పగించారు. వినడం, ఈమెయిల్, మీటింగులు, ఫీడ్‌బ్యాక్, ప్రెజెంటేషన్, గొడవలు సర్దడం అంటూ ఆరు అంశాల జాబితా చేతిలో పెట్టారు. అన్నీ ఎలా సర్దాలి?

జవాబు: సర్దకండి. తలా 20 నిమిషాలు పంచితే ఆరు చిన్న ఉపన్యాసాలవుతాయి, అంతే. ఎవరూ నోరు విప్పి సాధన చేయరు. 2 గంటలకు ఒక్క నైపుణ్యం చాలు. ఒకదానికొకటి బాగా దగ్గరివైతే రెండు.

ఏదో ఒకటి ఎంచుకోవడానికి, వారం ముందుగా ఆ 18 మందిలో ఐదారుగురితో తలా 10 నిమిషాలు విడిగా మాట్లాడండి. "మీకేం నేర్చుకోవాలని ఉంది?" అని అడగొద్దు. "కాన్ఫిడెన్స్", "బాడీ లాంగ్వేజ్" అనే జవాబులే వస్తాయి, వాటితో మీకు ఒరిగేదేమీ ఉండదు. ఇలా అడగండి: "ఈ నెలలో ఎవరో సరిగా చెప్పకపోవడం వల్లో, సరిగా వినకపోవడం వల్లో మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చిన పని ఏది?" ఆరుగురిలో నలుగురు ఒకే రకం కథ చెబుతారు. చాలాచోట్ల అది పని అప్పగించడం దగ్గరే తేలుతుంది: గడువు చెప్పలేదు, చెప్పినా ఏ రూపంలో కావాలో చెప్పలేదు. మీ అంశం దొరికినట్టే.

లక్ష్యాన్ని కూడా "అవగాహన పెంచడం" అని రాసుకోవద్దు. కంటికి కనబడే పనిగా రాయండి: "పని అప్పగించేటప్పుడు ఏం చేయాలి, ఎప్పటికి, ఎవరి కోసం, పూర్తయిందని ఎలా తెలుస్తుంది అనే నాలుగూ ఒక్క నిమిషంలో చెప్పగలగాలి." అప్పుడు సెషన్ చివర వాళ్లకు అది వచ్చిందో రాలేదో మీ కళ్లతో చూడొచ్చు.

120 నిమిషాలను ఇలా పంచుకోవచ్చు: పరిచయం, పద్ధతులు 10; మొదటి అభ్యాసం, దాని మీద చర్చ 25; మీరు చెప్పాల్సిన విషయం 15; విరామం 10; ముగ్గురేసి జట్లుగా సాధన 40; ఎవరేం చేస్తారో రాసుకోవడం 15. మిగిలిన 5 నిమిషాలు ఆలస్యాలకు. ఆ 5 ఎప్పుడూ సరిపోవు. అందుకే ఎక్కడ కోయాలో ముందే నిర్ణయించుకోండి. కోస్తే మీ 15 నిమిషాల ప్రసంగంలోంచి కోయండి, సాధనలోంచి కాదు. సాధారణంగా దీనికి తిరగబడి జరుగుతుంది. ట్రైనర్ మాట పొడుగై, చివరి సాధనను "టైం లేదు, ఇంటికెళ్లి ప్రాక్టీస్ చేయండి" అంటూ ఎత్తేస్తారు.

18 మంది అంటే ఆరు జట్లు. ఒక్కరే తిరిగి చూడటానికి అదే గరిష్ఠం. ఇంకో ఇద్దరిని కలుపుతామంటే రెండో ట్రైనర్‌ను అడగండి.

ప్రశ్న: మొదట్లో ఆటలాంటిది పెడితే మావాళ్లు "చిన్నపిల్లలమా?" అని మొహాలు చూసుకుంటారు. ఆట కాకుండా, విషయం నేరుగా తాకే అభ్యాసం ఏదైనా ఉందా?

జవాబు: ఉంది, అదీ పాతదే. 1951లో హెరాల్డ్ లెవిట్, మ్యూలర్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలోంచి వచ్చింది. ఒకరు ఒక బొమ్మను మాటల్లో వర్ణిస్తారు, మిగతావాళ్లు చూడకుండా గీస్తారు. ఒక విడతలో ప్రశ్నలు అడగకూడదు, మరో విడతలో అడగొచ్చు. అడగనిస్తే ఎక్కువ సమయం పడుతుంది, కానీ బొమ్మ ఎక్కువ సరిగా వస్తుంది, గీసినవాళ్లకు తమ మీద నమ్మకమూ పెరుగుతుంది. లెవిట్‌కు తేలిందదే, మీ గదిలో తేలేదీ దాదాపు అదే.

చేసే విధానం: ఏ4 కాగితం మీద ఒకే సైజు దీర్ఘచతురస్రాలు ఆరు గీయండి. ఒక్కోటి పక్కదాన్ని మూలతోనో, అంచు మధ్యలోనో తాకుతూ, కొన్ని వాలుగా ఉండాలి. అంతే కష్టమైన రెండో బొమ్మ ఇంకోటి కావాలి. రెండు విడతలకూ ఒకే బొమ్మ వాడితే రెండోసారి బాగా రావడం ప్రశ్నల వల్లా, అలవాటు వల్లా అన్నది తేలదు. ఎవరో ఒకరు అనే తీరుతారు కూడా.

మొదటి విడతలో చెప్పేవారు అందరికీ వీపు పెట్టి నిలబడి 5 నిమిషాల్లో వర్ణించాలి. గీసేవాళ్లు నోరు విప్పకూడదు, నిట్టూర్పులు కూడా వద్దు. రెండో విడతలో అటు తిరిగినవారు ఇటు తిరిగి, ఎన్ని ప్రశ్నలైనా తీసుకోవచ్చు. సమయం రాసుకోండి, 7 నుంచి 9 నిమిషాలు కేటాయించుకోండి. ఒక్కో విడత అవగానే, అసలు బొమ్మ చూపించకముందే, "ఆరింట్లో ఎన్ని సరిగా పెట్టాననుకుంటున్నాను" అని ప్రతి ఒక్కరూ కాగితం మూల అంకె వేయాలి. చెప్పినవారు కూడా సగటున ఎన్ని వచ్చుంటాయో ఊహించి రాయాలి. ఈ అంకెలు లేకపోతే అభ్యాసంలో సగం పోయినట్టే. చెప్పినవారి ఊహకూ గీసినవాళ్ల కాగితాలకూ మధ్య తేడా బోర్డెక్కినప్పుడే గది నిశ్శబ్దమవుతుంది.

చెడేది ఎక్కడంటే: బొమ్మ మరీ తేలికైతే (ఇల్లు, నక్షత్రం) ఒక్క మాటతో అయిపోతుంది, మరీ చిక్కైతే ఎవరికీ ఏదీ రాక నవ్వులాటగా మారుతుంది. ముందురోజు ఇంట్లోవాళ్ల మీదో, స్నేహితుల మీదో ఒకసారి పరీక్షించుకోండి. చెప్పే పనికి అందరికంటే చిన్న ఉద్యోగిని నిలబెట్టొద్దు, తప్పంతా తనదేనని ముడుచుకుపోతారు. స్వచ్ఛందంగా లేచినవారినే తీసుకోండి. బొమ్మలు చూపించాక మొట్టమొదట మీరే, "ఇక్కడ చెప్పినవారి తప్పేం లేదు, ప్రశ్నలు అడగనివ్వని ఏర్పాటుదే" అని పైకి అనండి.

తర్వాత చర్చ ఈ వరుసలోనే: ఏం జరిగింది? ఎందుకలా జరిగింది? మన పనిలో ఇలా ఒకవైపు మాట ఎక్కడెక్కడ నడుస్తోంది? మూడో ప్రశ్నకే ఎక్కువ సమయం ఇవ్వండి. మొదటి రెండూ దాటకుండా నేరుగా "కాబట్టి కమ్యూనికేషన్ ముఖ్యం" అని తేల్చేసే ట్రైనర్లున్నారు. ఆ మాట వినడానికి అన్ని దీర్ఘచతురస్రాలు గీయక్కర్లేదు.

5 నిమిషాలే ఉంటే ఇంకోటి: ఒకరు తెలిసిన పాట వరస బల్ల మీద వేళ్లతో కొట్టాలి, ఎదుటివారు పాట చెప్పాలి. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగంలో 120 పాటలకు 3 మాత్రమే గుర్తుపట్టారు. కొట్టినవాళ్లు మాత్రం సగం పడతారని అనుకున్నారు. కొట్టేవారి తలలో పాట మోగుతుంటుంది, వినేవారికి టకటకలే.

ప్రశ్న: "సందేశంలో మాటలు 7 శాతం, గొంతు 38, ముఖం 55" అనే స్లైడ్ చాలా ఏళ్లుగా వాడుతున్నాను. మొన్న ఒకరు అది తప్పన్నారు. నిజమేనా?

జవాబు: నిజమే, స్లైడ్ తీసేయండి. ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో ప్రచురించిన రెండు ప్రయోగాలను కలిపితే వచ్చినవి. అక్కడ వాడినవి వాక్యాలు కావు, విడి మాటలు. ఒక ప్రయోగంలోనైతే "మేబీ" అనే ఒక్క మాటనే రకరకాల గొంతుల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, మాట్లాడేవారికి ఎదుటి మనిషి ఇష్టమా అయిష్టమా అని ఊహించమన్నారు. భావాలు, ఇష్టాయిష్టాల గురించి మాట్లాడితే తప్ప ఈ సూత్రం వర్తించదని మెహ్రాబియన్ స్వయంగా స్పష్టం చేశారు. మాటల పాలు 7 శాతమే అయితే, తెలియని భాషలో సినిమా చూసి కథంతా చెప్పేయగలగాలి.

చెప్పదగ్గది ఇంతే: మాట ఒకటి, గొంతు మరోటి చెబుతుంటే వినేవాళ్లు గొంతునే నమ్ముతారు. "నాకేం ఇబ్బంది లేదు" అనే వాక్యాన్ని మామూలుగా ఒకసారి, పళ్లు బిగించి ఒకసారి అని చూపించండి. అంకెలతో పని లేదు.

ప్రశ్న: "అర్థమైందా?" అంటే అందరూ "అయింది" అంటారు. తీరా పని చేతికొచ్చేసరికి ఇంకోలా ఉంటుంది. ఈ అలవాటు మీద సెషన్‌లో ఏం చేయించాలి?

జవాబు: ఆ ప్రశ్నలోనే లోపముంది. "అర్థమైందా?"కి పదిమందిలో "కాలేదు" అనడానికి మొహమాటం అడ్డొస్తుంది. పైగా తప్పుగా అర్థం చేసుకున్నవారికి అది తప్పని తెలియదు కదా, నిజాయతీగానే "అయింది" అంటారు.

విమానయానంలో కంట్రోలర్ (నేల మీది నుంచి విమానాలకు అనుమతులిచ్చేవారు) ఇచ్చిన కీలక ఆదేశాన్ని పైలట్ తిరిగి చదివి వినిపించాలి. ఆ పద్ధతి ఉన్నా మాట అస్పష్టంగా ఉంటే ఏమవుతుందో 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనరీఫ్ దీవిలో తెలిసింది. పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. ఒక పైలట్ "టేకాఫ్ దగ్గర ఉన్నాం" అన్నట్టు అర్థమయ్యే మాట అన్నాడు. అది బయల్దేరుతున్నామనా, సిద్ధంగా నిలబడ్డామనా అన్నది తేలలేదు. కంట్రోలర్ "ఓకే" అన్నాడు. ఆ వెంటనే ఆగమని చెప్పిన మాట మరో విమానం నుంచి వచ్చిన రేడియో సందేశంతో కలిసిపోయి సరిగా వినబడలేదు. దానికి ఇంకా చాలా కారణాలున్నాయి. అయినా ఆ తర్వాత "టేకాఫ్" అనే మాటను అసలు అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదని నియమం పెట్టారు. మిగతా సందర్భాల్లో "డిపార్చర్" అంటారు. ఆఫీసు మెయిల్ కింద పెట్టే "ఓకే"లు, "నోటెడ్"లు ఏ పనికి ఒప్పుకున్నట్టో ఒకసారి ఈ కోణంలో చూడమనండి.

సాధన ఇది. ఇద్దరేసి కూర్చోవాలి. ఒకరు నిజంగా వచ్చే వారం అప్పగించాల్సిన పనిని నాలుగు అంశాలతో నిమిషంలో చెప్పాలి. తర్వాత "అర్థమైందా" బదులు ఇలా అనాలి: "నేను సరిగా చెప్పానో లేదో చూసుకుంటాను, ఎక్కణ్నుంచి మొదలుపెడతారో చెప్పండి." బరువు చెప్పినవారి మీద ఉంటుంది కాబట్టి ఎదుటివారికి పరీక్ష పెట్టినట్టు ఉండదు. చిలకపలుకులుగా అప్పజెబితే అర్థమైనట్టు కాదు. "మొదట ఏం చేస్తారు?", "ఎక్కడ ఆగిపోవచ్చు అనిపిస్తోంది?" అనే రెండు ప్రశ్నల్లో అసలు సంగతి బయటపడుతుంది.

ఇదే సాధనలో "చూద్దాం", "ప్రయత్నిస్తాను", "వీలైనంత త్వరగా" అనే మూడింటికి కాపలా పెట్టండి. అవి అవునూ కాదు, కాదూ కాదు. ఎవరైనా అంటే, "చేయగలరో లేదో ఎప్పటికి చెప్పగలరు?" అని అడగడం నేర్పండి. గడువు పని పూర్తికి కాకపోయినా, జవాబుకైనా ఉంటుంది.

ప్రశ్న: ఫీడ్‌బ్యాక్ ఇవ్వడం మీద రోల్ ప్లే పెడితే నాటకంలా నడుస్తుంది. ఒకరు విలన్‌లా అరుస్తారు, అందరూ నవ్వుతారు. ఏం మార్చాలి?

జవాబు: మూడు మార్చాలి. కథ, ప్రేక్షకులు, చూసేవారి పని.

కల్పిత కథ ఇస్తే నటనే వస్తుంది. ఎవరి సంగతి వాళ్లే తెచ్చుకోవాలి: నిజంగా జరిగినది, గదిలో లేనివారితో జరిగినది, పేర్లు లేకుండా. బాధ 10కి 3, 4 స్థాయిలో ఉన్నదే తీసుకోమనండి. 9 స్థాయిది ఎత్తుకుంటే సాధన కాస్తా ఏడుపులోకో, గొడవలోకో దిగుతుంది, దాన్ని 40 నిమిషాల్లో మూసేయలేరు.

అందరి ముందూ ఇద్దరిని నిలబెట్టొద్దు. ముగ్గురేసి జట్లు: చెప్పేవారు, వినేవారు, గమనించేవారు. 4 నిమిషాలు సంభాషణ, 3 నిమిషాలు గమనించినవారి మాట, తర్వాత పాత్రలు మారాలి. మూడు వంతులకు 21 నిమిషాలు, మార్పులకు ఇంకో 4, ముందు మీరు చేసి చూపడానికి 5, చివర అందరూ కలిసి మాట్లాడటానికి 10. మొత్తం 40. ఒకరు తగ్గి జట్టులో ఇద్దరే మిగిలితే మీరు మూడోవారు కావొద్దు. ఆ ఇద్దరినీ వేర్వేరు జట్లలో చేర్చి, నలుగురైన ఆ రెండు జట్లలో ఇద్దరేసి గమనించేలా చూడండి, లేకపోతే మిగతా జట్ల సంగతి మీకు తెలియదు.

గమనించేవారు "బాగుంది, ఇంకాస్త మెత్తగా చెప్పాల్సింది" అంటే పనికిరాదు. వాళ్ల చేతికో కాగితం ఇచ్చి మూడే రాయమనండి: చెప్పినవారు వాడిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, వినేవారి ముఖమో గొంతో మారిన క్షణం, అడిగిన ప్రశ్నలెన్ని.

చెప్పే తీరుకు సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ రూపొందించిన మూడు మెట్ల పద్ధతి చాలు: సందర్భం, ప్రవర్తన, ప్రభావం. "మీకు ఎదుటివాళ్లంటే లెక్కలేదు" అనేది తీర్పు. "సోమవారం మీటింగులో నేను లెక్కలు చూపిస్తుంటే రెండుసార్లు మధ్యలో ఆపారు, చివరి రెండు పేజీలు చెప్పడానికి నాకు సమయం మిగల్లేదు" అనేది ఆ మూడూ ఉన్న వాక్యం. జనం తడబడేది రెండో మెట్టు మీదే. "మీరు పట్టించుకోలేదు" అనేదాన్ని ప్రవర్తన అనుకుంటారు. కెమెరాలో పడుతుందా అని అడగమనండి. పట్టించుకోకపోవడం కెమెరాలో పడదు, ఫోన్ చూస్తూ కూర్చోవడం పడుతుంది. "ఎప్పుడూ", "ప్రతిసారీ" అన్నవి వచ్చాయా, వినేవారు అలా జరగని ఒక్క రోజును వెతికి పట్టుకుంటారు, అసలు విషయం అక్కడితో సరి.

మూడు మెట్లూ ఎక్కాక ఆగాలి. "మీవైపు నుంచి ఏం జరిగింది?" అని అడిగి నోరు మూసుకోవాలి. చాలామందికి కష్టమైన భాగం ఇదే. మీరు చేసి చూపేటప్పుడు ఆ నిశ్శబ్దాన్ని కూడా చూపించండి.

పొగడ్త, విమర్శ, మళ్లీ పొగడ్త అనే శాండ్‌విచ్ పద్ధతిని నేర్పమంటారు కొందరు. మా సలహా, వద్దు. నాలుగుసార్లు తిన్నాక జనం పొగడ్త వినగానే బిగుసుకుని, మధ్యలోది ఎప్పుడొస్తుందా అని కాచుకుంటారు.

ప్రశ్న: ఇద్దరే మాట్లాడుతూ ఉంటారు, పదిమంది గోడల్లా కూర్చుంటారు. పైగా మేనేజర్ వెనక వరసలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటారు.

జవాబు: మేనేజర్ అలా కూర్చుంటే మిగతావన్నీ వృథా. ముందురోజే మాట్లాడి రెండిట్లో ఒకటి ఎంచుకోమనండి: అందరితోపాటు పూర్తిగా పాల్గొనడం, లేదా 5 నిమిషాలు మాట్లాడి వెళ్లిపోవడం. పాల్గొంటే తన కింద పనిచేసేవారితో ఒకే జట్టులో వేయకండి. గదిలో మాటలు బయట ఎంతవరకు వెళ్లొచ్చన్నది మొదటి 10 నిమిషాల్లోనే అందరి ముందూ తేల్చండి. ఎవరెలా చేశారో నివేదిక ఇమ్మని సంస్థ అడిగితే ఇవ్వనని ముందే చెప్పాలి, లేదా ఇస్తున్నానని గదిలో చెప్పాలి.

మౌనం సంగతి: 1970లలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు తరగతి గదుల్ని గమనించి, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేల్చారు. 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, మాట్లాడేవాళ్లు పెరిగారు. మీరు మనసులో 5 లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే ఒక నిమిషం కాగితం మీద రాయించి, పక్కవారితో రెండు నిమిషాలు మాట్లాడించి, అప్పుడు అడగండి. ఒంటరిగా చెప్పడానికి జంకేవారు "మేమిద్దరం అనుకున్నదేమిటంటే" అని ధైర్యంగా చెబుతారు.

ఎక్కువ మాట్లాడేవారిని వెటకారంతో ఆపొద్దు, ఆ దెబ్బకు మాట్లాడనివాళ్లు ఇంకా బిగుసుకుంటారు. చెప్పింది బోర్డు మీద రాసి, "ఇది పట్టుకున్నాం, ఇప్పుడు ఇంకా మాట్లాడనివాళ్ల నుంచి రెండు కావాలి" అనండి. సాధనలో మొదటి వంతు గమనించే పాత్ర వారికే ఇవ్వండి.

ప్రశ్న: ఇదే సెషన్ ఆన్‌లైన్‌లో?

జవాబు: 75 నిమిషాలకు, 12 మందికి కుదించండి. ముగ్గురేసి చొప్పున బ్రేకవుట్ రూముల్లోకి (మీటింగులోనే విడిగా తెరిచే చిన్న గదుల్లోకి) పంపే ముందే సూచనలు చాట్‌లో పెట్టండి. లోపలికి వెళ్లాక మీ స్లైడ్ వాళ్లకు కనబడదు, "ఇప్పుడేం చేయాలి?" అనుకుంటూనే 3 నిమిషాలు పోతాయి. బొమ్మ అభ్యాసం బాగానే నడుస్తుంది. మొదటి విడతలో గీసేవాళ్ల మైకులు, చాట్ ఆపేస్తే సరి.

ప్రశ్న: ఫారాల్లో అందరూ "అద్భుతం" అని రాస్తారు. నెల తర్వాత చూస్తే ఏ మార్పూ ఉండదు.

జవాబు: ఆ ఫారం కొలిచేది నచ్చిందా లేదా అన్నదే. శిక్షణ ఫలితాన్ని కొలవడానికి డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లో ప్రతిపాదించిన నాలుగు స్థాయిల్లో అది మొదటిది. నేర్చుకున్నారా, పనిలో చేస్తున్నారా, ఫలితం వచ్చిందా అన్నవి ఆ తర్వాతివి. మూడోదాన్ని చూడాలంటే సెషన్ చివరి 15 నిమిషాల్లోనే పని మొదలవ్వాలి. ప్రతి ఒక్కరూ ఒకే వాక్యం రాయాలి: ఎవరితో, ఏ రోజు, ఏ సందర్భంలో, ఏ మాట. "బాగా వింటాను" చెల్లదు. "గురువారం రిపోర్టు పని అప్పగించాక ఎక్కణ్నుంచి మొదలుపెడతారని అడుగుతాను" చెల్లుతుంది. ఆ వాక్యం జట్టులోని ఒకరి దగ్గర ఉండాలి, 2 వారాలకు వాళ్లే ఫోన్ చేసి అడగాలి. 6 వారాలకు మీరు అరగంట కలవండి. ముందు ఐదారుగురిని అడిగిన ఆ మొదటి ప్రశ్నే మళ్లీ అడిగి, మళ్లీ చేయాల్సి వచ్చిన పనులు తగ్గాయో లేదో పోల్చుకోండి.

అన్నీ చేసినా మారకపోతే లోపం నైపుణ్యంలో లేకపోవచ్చు. చెడు వార్త మోసుకొచ్చినవారికే చీవాట్లు పడే చోట జనానికి చెప్పడం రాక కాదు, చెబితే ఏమవుతుందో తెలిసి ఊరుకుంటారు. ముందు మాట్లాడిన ఆరుగురిలో ముగ్గురు ఆ సంగతే చెబితే, సెషన్ తేదీ ఖరారు చేయకముందే పైవాళ్లతో కూర్చోండి.

ప్రశ్న: గదిలో ఏమేం ఉండాలి?

జవాబు: బల్లలు లేకుండా, కదిలే కుర్చీలు అర్ధచంద్రాకారంలో. బిగించిన కుర్చీల హాలు ఇస్తే వేరే గది అడగండి, జట్లు కూర్చోలేవు. ఫ్లిప్‌చార్ట్, నల్ల, నీలి మార్కర్లు (ఎరుపు, పసుపు వెనక వరసకు సరిగా కనబడవు), టేపు, మనిషికి నాలుగేసి తెల్లకాగితాలు, పెన్నులు, జట్టుకు మూడేసి గమనిక కాగితాలు, అందరికీ కనబడే గడియారం. ప్రొజెక్టర్ లేకపోయినా నడుస్తుంది. అరగంట ముందు వెళ్లి, వెనక కుర్చీలో కూర్చుని బోర్డు మీద మీ అక్షరాలు చదవగలరేమో చూసుకోండి.